మార్కుల మెమో సరే, సిలబస్ ఏది?

‘లేటరల్ ఎంట్రీ’ అనగానే మన వైపు అందరికీ ఈసెట్ గుర్తొస్తుంది. పాలిటెక్నిక్ చదివిన పిల్లలు ఆ పరీక్ష రాస్తారు, ర్యాంకు తెచ్చుకుంటారు, కౌన్సెలింగ్‌కు పోయి ఇంజనీరింగ్‌లోనో ఫార్మసీలోనో రెండో ఏట చేరతారు. నలిగిన దారి అది. ఎవరిని అడిగినా చెప్తారు. మార్కెటింగ్ చదువుకు అట్లాంటి ఒక్క పరీక్ష, ఒక్క కౌన్సెలింగ్ లేదు. చేర్చుకునే కాలేజీ, దాని మీదుండే యూనివర్సిటీ కలిసి మీ పాత చదువును తూకం వేసి చెప్పాలి. ఆ తూకం దేనితో వేస్తారో తెలియకనే చాలామంది దరఖాస్తులు వెనక్కి వస్తాయి.

కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నంద్యాలలో మా ఇంటికి ఆదివారం పూట ఫైళ్లు పట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోయిన ఎండాకాలం ఆళ్లగడ్డ నుంచి ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంట్. బీకాం మొదటి ఏడాది పూర్తి చేసి, ఇంట్లో ఇబ్బంది వచ్చి మానేశాడు. మూడేళ్లు ఊళ్లు తిరిగి పత్తి విత్తనాలు అమ్మించాక, ఈ పని చదువుకుని చేస్తే బాగుండుననిపించిందట. బీబీఏలో మార్కెటింగ్ తీసుకుని, నేరుగా రెండో ఏట చేరాలని ఆశ.

సంచిలోంచి పాలిథిన్ కవరు తీసి బల్ల మీద పరిచాడు. పదో తరగతి, ఇంటర్, రెండు సెమిస్టర్ల మెమోలు, ఆధార్, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆఖరికి రేషన్ కార్డు జెరాక్స్ కూడా ఉంది.

"అన్నీ ఉన్నాయి కదప్పా, సిలబస్ ఏది?" అన్నాను.

"సిలబస్సా సార్? మెమోలో పేపర్ల పేర్లుండాయి కదా?"

చిక్కంతా ఇక్కడే. మెమోలో ఉండేది పేపరు పేరు, మార్కులు. ఆ పేపర్లో ఏం చదివారో మెమో చెప్పదు. రెండో ఏట చేర్చుకోవాలా వద్దా అని చూసే డిపార్ట్‌మెంట్ హెడ్‌కు మీ మార్కులు తర్వాతి సంగతి. మీరు చదివిన పేపరూ, వాళ్ల మొదటి ఏడాది పేపరూ యూనిట్ యూనిట్‌కూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. పేరు ఒకటే అయినా లోపలి సరుకు వేరుగా ఉండొచ్చు. పేరు వేరైనా సరుకు ఒకటే కావొచ్చు. ఆ పని ఆయన చేసే లోపల మీరే చేసి ఇస్తే, మీ ఫైలు మిగతా ఫైళ్ల కింద పడదు.

మేమిద్దరం ఆ రోజు అదే చేశాం. తెల్లకాగితానికి నడిమధ్య గీత గీసి, ఎడమ పక్క అతను చదివిన పేపర్లు, కుడి పక్క బీబీఏ మొదటి ఏడాది పేపర్లు రాశాం. బీకాంలో చదివిన అకౌంటింగ్ దాదాపు అట్లాగే సరిపోయింది. వ్యాపార సంస్థల పేపర్లో ఐదు యూనిట్లకు మూడు మేనేజ్‌మెంట్ సూత్రాలతో కలిశాయి. అర్థశాస్త్రం పర్వాలేదు. బిజినెస్ స్టాటిస్టిక్స్ దగ్గరకొచ్చేసరికి ఎడమ పక్క ఖాళీ. ఏదో ఒకటి రాసేద్దామని కుర్రాడి తాపత్రయం. వద్దన్నాను. రెండో ఏట, మూడో ఏట వచ్చే మార్కెటింగ్ రీసెర్చ్ పేపరు మొత్తం శాంపిల్ ఎట్లా తీయాలి, రెండు అంకెల మధ్య సంబంధం ఎట్లా చూడాలి అన్న దాని మీదే నడుస్తుంది. ఆ పునాది లేకుండా పోతే ఏడాది మిగిలిందనుకున్నవాడు సప్లిమెంటరీల్లో ఏడాది పోగొట్టుకుంటాడు. అందుకే ఖాళీని ఖాళీగానే ఉంచి, కింద ఒక వాక్యం రాయించాను: ‘ఈ పేపరు నేను చదవలేదు, మొదటి ఏడాది విద్యార్థులతో కలిసి రాస్తాను.’ లోటును వాళ్లు కనిపెట్టేదాకా ఆగకుండా మీరే చెప్తే, నమ్మకం కుదురుతుంది.

సిలబస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. నేను దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నాను. ఉద్యోగంలో ఉండగానే ఒక యూనివర్సిటీలో దూరవిద్య కోర్సుకు పాత పేపర్ల మినహాయింపు కోరుతూ దరఖాస్తు పెట్టాను. లైబ్రరీలో దొరికిన సిలబస్ పుస్తకం జెరాక్స్ తీసి జత చేశాను. నెలన్నర తర్వాత ఫైలు తిరిగొచ్చింది. నేను పెట్టింది నా బ్యాచ్ సిలబస్ కాదు, తర్వాత మారిన రెగ్యులేషన్‌ది. సరైనది తెచ్చుకునే సరికి గడువు దాటిపోయింది. కాబట్టి మీరు చేరిన ఏడాది సిలబస్సే కావాలి. ప్రతి పేజీ మీద కాలేజీ స్టాంపు, ప్రిన్సిపాల్ సంతకం వేయించుకోండి. ఒకసారి వేయించుకుంటే పదిసార్లు పనికొస్తుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు డిగ్రీ కాలేజీలు ఇప్పుడు కర్నూలులోని రాయలసీమ యూనివర్సిటీ కింద ఉన్నాయి. ఆ యూనివర్సిటీ వచ్చింది 2008లో. అంతకు ముందు మనవాళ్లంతా అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ కింద చదివారు. నలభై దాటాక మళ్లీ చదువు వైపు చూసేవాళ్లు ఈ సంగతి మరిచి కర్నూలు పోయి తిరిగొస్తుంటారు. మీ మెమో మీద ఏ యూనివర్సిటీ ముద్ర ఉంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ అక్కడే తీసుకోవాలి. మధ్యలో చదువు ఆగిన ఏళ్లకు గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు. స్టాంపు పేపరు మీద నోటరీతో చేయించుకోవచ్చు, పెద్ద పనేం కాదు. పాత కాలేజీలో ఫీజు బాకీ ఉండి టీసీ ఆగిపోవడం మాత్రం పెద్ద పనే. అది ముందు తెమల్చుకోండి.

ఇప్పుడు క్రెడిట్ల లెక్క. 2021 జూలైలో యూజీసీ ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’ నిబంధనలు తెచ్చింది. ఏబీసీ అని అందరూ పిలిచేది దాన్నే. పేరుకు తగ్గట్టే అది బ్యాంకు. మీరు పాసైన పేపర్ల క్రెడిట్లు అందులో జమవుతాయి, ఏడేళ్ల దాకా చెల్లుతాయి. డిజిలాకర్ నుంచి 12 అంకెల ఐడీ తీసుకోవచ్చు. అయితే జమ చేసేది మీరు కాదు, మీ యూనివర్సిటీ. ఐడీ ఉంది కదా అని ధీమాగా ఉండి, తెరిచి చూస్తే సున్నా కనిపించినవాళ్లు ఉన్నారు. దరఖాస్తుకు రెండు నెలల ముందే చూసుకుని, లేకపోతే పరీక్షల విభాగం వెంటపడండి. 2021-22కు ముందు చదివిన చదువుకు ఈ బ్యాంకు పనికిరాదు. వాళ్లకు పాత పద్ధతే: మెమోలు, సిలబస్.

కొత్త విధానంలో డిగ్రీ ఒక ఏడాది చదివి 40 క్రెడిట్లు తెచ్చుకుంటే సర్టిఫికెట్, రెండేళ్లకు 80తో డిప్లొమా, మూడేళ్లకు 120తో డిగ్రీ. సర్టిఫికెట్‌తో బయటికి పోవాలంటే వేసవిలో ఒక వృత్తి కోర్సు కూడా చేయాలి. ఇవన్నీ చదివి కొందరు, అక్కడ కొంత ఇక్కడ కొంత చదివి చివర్లో పేరున్న కాలేజీలో చేరి పట్టా కొట్టేయొచ్చు అనుకుంటారు. కుదరదు. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు చదివి ఉండాలని ఆ నిబంధనల్లోనే ఉంది.

మన రాష్ట్రంలో ఇంకొకటి చూసుకోవాలి. 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో మొదటి ఏడాది అయిన వేసవిలో ఊళ్లోకి పోయి చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఒకటి. మధ్యలో మానేసినవాళ్లలో చాలామంది పరీక్షలు రాసి ఉంటారు కానీ ఇది చేసి ఉండరు. రెండో ఏట చేరాక, మూడో ఏడు చివర్లో పట్టా దగ్గర అడ్డం పడుతుంది. చేరే రోజే అడిగి తెలుసుకోండి.

మరి ఉద్యోగానుభవం? దీని మీద మనవాళ్లకు రెండు రకాల భ్రమలు. అనుభవం ఉంది కాబట్టి ఏడాది తగ్గించేస్తారని కొందరు. అనుభవం దేనికీ కొరగాదని కొందరు. పేపరు మినహాయింపు అనుభవంతో దొరకడం మన కాలేజీల్లో అరుదు. కానీ సీటు ఇవ్వాలా వద్దా అని ఆలోచించే మనిషి మనసు మార్చగలదు, మీరు దాన్ని రాసే తీరు బట్టి. ఆ కుర్రాడి కంపెనీ ఇచ్చిన లెటర్లో ‘సేల్స్ పని చేశాడు, ప్రవర్తన బాగుంది’ అని ఉంది. ఏం చేస్తావో చెప్పమంటే గంట సేపు చెప్పాడు. ఏ డీలరు దగ్గర ఎంత స్టాకు ప్లేస్‌మెంట్ చేయాలో సీజన్‌కు ముందే లెక్క వేస్తాడు. రైతు పొలంలో డెమో వేయించి, కాయ పట్టాక ఫీల్డ్ డే పెట్టి చుట్టుపక్కల ఊళ్ల రైతులను పిలుస్తాడు. డీలర్ల దగ్గరి సరుకు ఎంత అమ్ముడైందో, అంటే లిక్విడేషన్ ఎంతయిందో, వారం వారం రాస్తాడు. సీజన్ అయ్యాక రిటర్న్ స్టాకు, కలెక్షన్. "ఇదంతా పుస్తకంలో నాలుగు అధ్యాయాలు నాయనా" అన్నాను. మేనేజరు చేత ఆ నాలుగు పనులూ విడివిడిగా, ఎన్ని ఊళ్లు, ఎంతమంది డీలర్లు, ఎన్ని సీజన్లు అన్న అంకెలతో రాయించుకు రమ్మన్నాను. రెండో లెటరు మొదటి దానికి తోబుట్టువు అనిపించలేదు.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పాల షెడ్లు చూసే ఉంటారు. రాయి చెక్కే కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఫోన్లో ఫొటోలు పంపి, వేరే రాష్ట్రాల నుంచి గుడి కమిటీల ఆర్డర్లు పట్టుకుంటున్నారు. అడ్వాన్సు ఎంత అడగాలి, లారీ కిరాయి ఎవరిది, దారిలో విగ్రహం చెయ్యి విరిగితే ఎవరు భరించాలి అన్నవి వాళ్లకు నోటిమీద ఉంటాయి. ‘ఈ కోర్సు ఎందుకు’ అన్న ప్రశ్నకు మాత్రం నెట్‌లో దొరికిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు దించుతారు. లారీ సంగతి రాయండి స్వామీ, చదివేవాడు లేచి కూర్చుంటాడు. అట్లాగే ఎరువులు, పురుగుమందుల షాపుల వాళ్లలో కొందరు ‘మేనేజ్’ సంస్థ నడిపే ‘దేశీ’ అనే డిప్లొమా చేసి ఉంటారు, 48 వారాలది. ఇన్‌పుట్ డీలర్ల కోసం పెట్టిన కోర్సు అది, బీబీఏ పేపర్లకు బదులు రాదు. అయినా ఫైల్లో పెట్టండి, పని చేస్తూ చదవగలరని చెప్పే సాక్ష్యం.

డిగ్రీ పూర్తయినవాళ్లు ఎంబీఏలో నేరుగా రెండో ఏట చేరొచ్చా అని అడుగుతుంటారు. ఐసెట్ ద్వారా వెళ్లే ఎంబీఏలో అట్లాంటిది లేదు. ఒకప్పుడు మూడేళ్ల ఎంసీఏలో బీసీఏ చదివినవాళ్లను రెండో ఏట తీసుకునేవారు. 2020-21 నుంచి ఎంసీఏనే రెండేళ్లది అయ్యేసరికి ఆ ముచ్చటా తీరింది. ఉద్యోగం మానలేనివాళ్లకు ఇగ్నో ఉంది. జనవరి, జూలైలలో అడ్మిషన్లు, జూన్, డిసెంబరులలో పరీక్షలు. మార్కెటింగ్‌లో పీజీ డిప్లొమా, ఎంబీఏ రెండూ ఉన్నాయి. ముందు డిప్లొమా చేసి తర్వాత ఎంబీఏకు పోదామనుకుంటే, అందులో ఎన్ని పేపర్లు కలుపుతారో చేరక ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. స్వయం పోర్టల్‌లో మార్కెటింగ్ కోర్సులు ఉచితంగా వినొచ్చు, పరీక్షకు మాత్రం ఫీజు. ఒక సెమిస్టరులో 40 శాతం దాకా పేపర్లు అట్లా చదవనివ్వొచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. మీ కాలేజీ ఒప్పుకుంటుందా అన్నదే అడగాల్సింది.

ఇక కెనడా. నంద్యాల నుంచి హైదరాబాద్ కన్సల్టెన్సీకి పోయి వచ్చిన ప్రతివాడూ ‘అడ్వాన్స్‌డ్ స్టాండింగ్’ అనే మాట పట్టుకొస్తున్నాడు. మన బీకాం, బీబీఏ పేపర్లు చూసి అక్కడి కాలేజీ డిప్లొమాలో కొన్ని పేపర్లు తగ్గించడం, లేదా నేరుగా రెండో ఏట చేర్చుకోవడం అది. అక్కడా అడిగేది అదే సిలబస్, ఇంకా వివరంగా. ఫీజు ఆదా అవుతుందని కన్సల్టెంట్ చెప్తాడు, అబద్ధం కాదు. చెప్పనిది వర్క్ పర్మిట్ లెక్క. చదువు తర్వాత ఇచ్చే పర్మిట్ నిడివి చదివిన కోర్సు నిడివిని బట్టి ఉంటుంది. రెండేళ్ల కోర్సుకు మూడేళ్ల దాకా, రెండేళ్ల లోపు కోర్సుకు కోర్సు ఎంతో అంత. ఏడాది తగ్గించుకుంటే పర్మిట్ ఎంత మిగులుతుందో కాలేజీని అడిగి, తర్వాత కెనడా ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌ను చూసి తేల్చుకోవాలి. అంతకన్నా ముఖ్యం ఇంకొకటి. 2024 నవంబర్ 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసేవాళ్లు కాలేజీ డిప్లొమా చదివితే, అది ప్రభుత్వం ప్రకటించిన రంగాల్లో ఉంటేనే వర్క్ పర్మిట్ ఇస్తారు. వ్యవసాయం, ఆరోగ్యం, సైన్సు, వృత్తి పనులు, రవాణా అట్లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మామూలు మార్కెటింగ్ డిప్లొమా లేదు. యూనివర్సిటీ డిగ్రీలకు ఈ షరతు లేదు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే ముందు తండ్రీకొడుకులు కలిసి ఆ వెబ్‌సైట్‌లో ఈ షరతు ఉన్న ఒక్క పేజీ చదవాలి.

కన్సల్టెంటైనా, కాలేజీ క్లర్కైనా ‘రెండో ఏట సీటు ఖాయం’ అని నోటిమాటగా చెప్తే డబ్బు కట్టొద్దు. ఏ పేపర్లకు మినహాయింపు, ఏవి రాయాలి, యూనివర్సిటీ ఆమోదం వచ్చిందా అన్న మూడూ కాగితం మీద ఉండాలి. కాలేజీ చేర్చుకుని, యూనివర్సిటీ ఒప్పుకోక, హాల్ టికెట్ రాని పిల్లవాడి ఇంట్లో పరిస్థితి నేను చూశాను.

ఆళ్లగడ్డ కుర్రాడు ఆ తర్వాత కంపెనీలో ఫీల్డ్ పని మానేసి, నంద్యాలలో ఒక విత్తనాల షాపులో సాయంత్రం లెక్కలు రాసే పనికి కుదిరాడు. పత్తి విత్తే రోజుల్లో రోజంతా తిరిగే పనితో హాజరు కుదరదని అతనికే తెలుసు. మొన్న ఫోన్ చేశాడు. సీటొచ్చింది, వేసవి ప్రాజెక్టు ఇప్పుడు చేయమన్నారు, స్టాటిస్టిక్స్ మనం రాసినట్టే మిగిలింది.

"ఫస్టియర్ పిల్లోళ్ల పక్కన కూచుంటాండా సార్. మొదటి రోజు నన్ను చూసి అందరూ లేచి నిలబడినారు."