గాలపు తాడును ఎప్పుడు మార్చవలెను?

శ్రీకాకుళం జిల్లాకు ఇంచుమించు 193 కిలోమీటర్ల సముద్రతీరము గలదు. విజయనగరం జిల్లా తీరము చాల చిన్నది, పూసపాటిరేగ, భోగాపురం మండలములతోనే ముగియును. అయినను భావనపాడు మొదలు చింతపల్లి వరకు గల మత్స్యకార గ్రామములలో వలతో పాటు గాలము కూడ జీవనాధారమే. కోనెం, సొర వంటి బలమైన చేప తగిలినప్పుడు ఒక కుటుంబపు ఆనాటి సంపాదన యంతయు ఒక సన్నని పోగు మీద ఆధారపడి యుండును. ఆ పోగును ఎప్పుడు పరీక్షింపవలెను, ఎప్పుడు మార్చవలెను అను ప్రశ్న చిన్నదిగా తోచినను, దాని వెనుక కొంత భౌతికశాస్త్రము, కొంత రసాయనశాస్త్రము ఉన్నవి.

పూర్వము తాళ్ళను నూలుతోను, నారతోను పేనెడివారు. నూలును సూక్ష్మజీవులు తిని కుళ్ళబెట్టును. అందువలన వేటనుండి వచ్చిన ప్రతిసారి ఆరవేయుట, అప్పుడప్పుడు తుమ్మచెక్క, చింతగింజల పొట్టు వంటి వగరు పదార్థముల కషాయములో నానవేయుట తప్పనిసరి అయ్యెడిది. ఆ పనిలో తాడంతయు చేతి మీదుగా నడిచెడిది, లోపము దానంతటదే బయటపడెడిది. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ బృందము నైలానును తయారుచేసినది. అది మన తీరమునకు వచ్చిన పిమ్మట కుళ్ళు బాధ తీరినది గాని, దానితో పాటు పరీక్షించు అలవాటు కూడ సడలినదని నా అభిప్రాయము. నైలాను కుళ్ళదు, కాని చెడును.

దానిని చెరచునవి ముఖ్యముగా ఎండ, ఒరపిడి, ముడి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు నైలాను అణువుల పొడవైన గొలుసులను త్రెంచును. తాడు రంగు వెలిసి, నునుపు పోయి, వంచినపుడు పెళుసుగా తోచినచో ఆ పని చాలవరకు జరిగినదని గ్రహింపవలెను. ఒరపిడి లెక్క మరింత విచిత్రము. తాడు బలము దాని అడ్డుకోత వైశాల్యమును, అనగా వ్యాసపు వర్గమును అనుసరించి యుండును. ఒక మిల్లీమీటరు తాడు అరిగి 0.9 మిల్లీమీటరైనచో కంటికి భేదము కనబడదు, బలము మాత్రము 100కు 81 పాళ్ళకు దిగును. ఒక ప్రక్క గాటు పడినచో లాగుడంతయు అచ్చటనే కేంద్రీకరించును గనుక నష్టము ఇంకను ఎక్కువ. ఇక ముడి ఎల్లప్పుడును బలహీనస్థానమే. సరిగా వేయని ముడి తాడు బలములో సగము వరకు హరింపగలదు. ముడిని తడిపి మెల్లగా బిగించినచో రాపిడి వేడి తగ్గును.

కావున కొక్కెమునకు దగ్గరి రెండు మూడు బారలను ప్రతి వేటకు ముందును, పెద్ద చేప తగిలిన వెంటనేయు, రాతికి పట్టుకొన్న గాలమును విడిపించిన వెంటనేయు చూడవలెను. ఇందు కంటికంటె వ్రేళ్ళు నమ్మదగినవి. తాడును బొటనవ్రేలు, చూపుడువ్రేలు మధ్య మెల్లగా లాగవలెను. అనుమానము కలిగిన చోట దూదిపింజను పట్టి లాగినచో గాటు వద్ద దూది చిక్కుకొనును. గరుకు తగిలినంత మేరకు కోసివేసి మరల ముడి వేయుటకు కొద్ది నిమిషములు చాలును.

తాడంతటిని మార్చుటకు తేదీలతో నిర్ణయము లేదు. నిత్యము ఎండలో పడియుండు తాడు త్వరగా చెడును, నీడన దాచినది చిరకాలము నిలుచును. విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఒకే రకపు కొత్త, పాత తాళ్ళ నుండి చెరియొక ముక్క తీసి, రెండింటిని నీట నానవేసి (నైలాను తడిసినపుడు కొంత బలము కోల్పోవును), ఒకే విధమైన ముడితో స్ప్రింగు త్రాసుకు కట్టి తెగువరకు లాగవలెను. త్రాసు చాలనిచో బకెట్టు వ్రేలాడదీసి ఇసుక పోయుచు, తెగిన పిమ్మట ఆ బరువును తూచవచ్చును. తెగిన తాడు కొరడావలె వెనుకకు కొట్టును గనుక ముఖము దూరముగా నుంచవలెను. పాతది మూడవ వంతు బలము కోల్పోయినచో మార్చుటయే మేలని నా ఉద్దేశము. చివరి భాగము మాత్రమే అరిగినచో, తాడును తిరుగవేసి వాడని కొనను కొక్కెము వైపునకు తెచ్చుకొనుట తగిన పొదుపే.

తాడునంతటిని చూచుకొనుటకు అనువైన కాలము మనకు ఏటా వచ్చుచునే యున్నది. తూర్పుతీరమున మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినముల నిషేధము అమలులో నున్నది. వలలు బాగుచేసుకొను ఆ రోజులలోనే తాళ్ళను మంచినీట కడిగి, నీడన ఆరవేసి, బార తరువాత బార చూచుకొనవచ్చును. అయితే చేతిలో డబ్బు ఆడని కాలము కూడ అదియే. పాత తాడుతోనే ఇంకొక నెల గడుపుదమను ఆలోచన అప్పుడే పుట్టును. ఒక్క పెద్ద కోనెం తెంచుకొని పోయినచో ఆ పొదుపు ఏమగునో తీరగ్రామముల నుండి వచ్చు విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. అన్నట్లు, తాడును పడవలోని బ్యాటరీ దగ్గర ఉంచరాదు, ఆమ్లము నైలానును తినివేయును.

కోసివేసిన ముక్కలను సముద్రములో గాని ఇసుకలో గాని పారవేయరాదు. కుళ్ళకపోవుట యను గుణమే ఇచ్చట దోషమగును. గ్రుడ్లు పెట్టుటకు మన తీరమునకు వచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్ళ మెడకు, ఈత కాళ్ళకు అవి చుట్టుకొనగలవు. పడవలో ఒక సంచి ఉంచుకొని, ముక్కలను అందులో వేసి ఒడ్డుకు తెచ్చి, జానెడు జానెడుగా కోసి చెత్తలో కలుపవలెను.