గాయపడినవారి యొద్ద నిలుచుట

చదువవలసిన భాగములు: లూకా 10:25–37, 2 సమూయేలు 13:1–22, అపొస్తలుల కార్యములు 16:19–40

బడంగ్‌పేట మొదలైన ఊళ్లనుండి హైదరాబాదు పట్నములోనికి పోవువారికి దిల్‌సుఖ్‌నగర్ బస్సుస్టాపు ఎరిగిన చోటే. మన పల్లెలనుండి చదువు కొరకును, ఉద్యోగ పరీక్షల శిక్షణ కొరకును వెళ్లిన పిల్లలు అనేకులు ఆ చుట్టుపట్ల హాస్టళ్లలో నుందురు. 2013 ఫిబ్రవరి 21, గురువారము సాయంకాలము ఏడు గంటల వేళ, అక్కడ జనము క్రిక్కిరిసి యుండగా, సైకిళ్లపై పెట్టిన రెండు బాంబులు కొద్ది నిమిషముల తేడాతో ప్రేలెను. 18 మంది ప్రాణములు పోయెను. నూరుమందికి పైగా గాయపడిరి. వారు ఎవరికిని కీడు చేసినవారు కారు. బస్సు కొరకు నిలిచినవారు, సరుకులు కొన వచ్చినవారు, పని ముగించుకొని యింటికి పోవువారు.

విచారణ జరిగి, 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురికి మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దానిని ఖాయపరచెను. హైకోర్టు మాట వినుటకే పన్నెండు సంవత్సరములు పట్టెను. ఇన్నేండ్లలో నేరస్థుల పేర్లు పత్రికలలో పలుమారులు వచ్చెను. గాయపడినవారు మాత్రము ఎందరికి జ్ఞాపకమున్నారు? బిడ్డను పోగొట్టుకొనిన తల్లి యింటికి రెండవ ఏట ఎవరు వెళ్లిరి? ఈ ప్రశ్న ఆ ఊరిది మాత్రమే కాదు. హత్య గాని, మానభంగము గాని, దాడి గాని జరిగిన ప్రతి పల్లెలోను ఇదే ప్రశ్న మన సంఘము గుమ్మము నొద్ద నిలిచియున్నది. దానిని వాక్యపు వెలుగులో చూతము.

1. సమరయుడు చేసిన పని

యెరికో దారిలో పడియున్న మనుష్యుని కథ మనకు చిన్ననాటనుండి తెలియును. అయితే ఒక సంగతి గమనింతము. దొంగలెవరో సమరయుడు విచారింపలేదు. ఒంటరిగా ఆ దారిని ఎందుకు వచ్చితివని ఆ మనుష్యుని అడుగలేదు. గాయము చూచెను, దగ్గరకు పోయెను. మనమైతే మొదట అడుగునది ఆ మాటయే: ఆ వేళ ఆ పిల్ల అక్కడికి ఎందుకు పోయినది? ఆ మాట గాయముమీద మరియొక దెబ్బ.

సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసెను. అది తక్షణ వైద్యము. తన వాహనముమీద ఎక్కించెను, తాను నడిచెను. పూటకూళ్ల యింటిలో ఉంచి ఆ రాత్రి కనిపెట్టెను. మరునాడు రెండు దేనారములు, అనగా రెండు దినముల కూలి, ఇచ్చెను. అంతటితో చాలునని అనుకొనలేదు. మరల వచ్చెదనని చెప్పిపోయెను. మనలో అనేకులము మొదటి దినమున పరుగెత్తి పోవుదుము. మరల వచ్చువారు కొద్దిమంది. బాధితునికి మిక్కిలి కావలసినది ఆ రెండవ రాకయే.

2. తామారును ఊరకుండుమనిన యిల్లు

రెండవ కథ చదువుటకే కష్టము. దావీదు కుమార్తెయైన తామారుపై అన్నయైన అమ్నోను బలాత్కారము చేసెను. ఆమె బూడిద పోసికొని, వస్త్రము చింపుకొని, ఏడ్చుచు పోయెను. ఆమె దుఃఖమును దాచలేదు; దాచినది ఆమె యింటివారు. అబ్షాలోము ఊరకుండుమని చెప్పెను. రాజైన తండ్రి మిక్కిలి కోపపడెను గాని చేసినది ఏమియు లేదు. తామారు అన్న యింట చెరుపబడినదై మిగిలిపోయెను. రెండేండ్ల తరువాత అబ్షాలోము అమ్నోనును చంపించెను. న్యాయము జరుగని యింట పగ పెరిగెను.

ఇది రాజగృహములో మాత్రమే జరిగినదా? పరువు పోవునని, పిల్లకు పెండ్లి కాదని, నేరము చేసినవాడు సంఘములో పెద్దవాడని, చందా ఎక్కువ యిచ్చువాడని, మనమును ఎన్నిమారులు ఊరకుండుమని చెప్పలేదు? రచ్చబండ నొద్ద కొంత డబ్బు ఇప్పించి, చేతులు కలిపించి, సమాధానము చేసితిమని సంతోషించితిమి. గాయము కట్టక మునుపే క్షమించుమని తొందరపెట్టితిమి. క్షమాపణ దేవుని కృపవలన గాయపడినవారి హృదయములో పుట్టవలసినది. పెద్దలు ఆజ్ఞాపించి పుట్టించునది కాదు. క్షమించిన మనుష్యుడు సయితము న్యాయస్థానములో సత్యము చెప్పవచ్చును. సాక్ష్యము పగ కాదు.

3. పౌలు తన హక్కు నడిగెను

హక్కులు అడుగుట లోకసంబంధమని, విశ్వాసులకు తగదని కొందరు తలంతురు. ఫిలిప్పీలో విచారణ లేకయే పౌలును సీలను బెత్తములతో కొట్టి చెరసాలలో వేసిరి. మరునాడు రహస్యముగా పంపివేయ జూడగా పౌలు ఒప్పుకొనలేదు. తాము రోమీయులమనియు, అధికారులే వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెననియు చెప్పెను. ఆ రాత్రియే అతడు చెరసాల నాయకునికి మేలు చేసి, అతని యింటివారందరికి బాప్తిస్మమిచ్చినవాడు. పగలేని హృదయమును, హక్కు నడుగు నోరును ఒక్క మనుష్యునిలోనే యుండెను.

4. నేడు బాధితునికి గల హక్కులు

1985 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి నేరబాధితులను గౌరవముతోను కనికరముతోను చూడవలెనని ప్రకటించెను. మన దేశములో 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము ఈ సంగతులు ప్రతి సంఘము ఎరిగియుండవలెను.

నేరము ఎక్కడ జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. మా హద్దు కాదని త్రిప్పిపంపరాదు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితముగా ఇయ్యవలెను. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 దినములలోగా బాధితునికి తెలుపవలెను. మానభంగమునకు గాని, యాసిడ్ దాడికి గాని గురియైనవారికి ప్రభుత్వ ఆసుపత్రియైనను ప్రైవేటు ఆసుపత్రియైనను వెంటనే ఉచితముగా వైద్యము చేయవలెను. నష్టపరిహారము కొరకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. నేరస్థుడు దొరకకపోయినను ఈ హక్కు పోదు. స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఉచితముగా వకీలును ఇత్తురు. దానికి టెలిఫోను 15100. స్త్రీలకు 181, పిల్లలకు 1098, అత్యవసరమునకు 112.

మరియొక సంగతి పెద్దలు మరువరాదు. 2012నాటి పోక్సో చట్టము ప్రకారము పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెను. తెలిసి దాచుట నేరము. సంఘములో పంచాయితీ పెట్టి ముగించుట కూడదు.

5. సంఘము చేయవలసినది

మొదట, వెంట నడువవలెను. పోలీసు స్టేషనునకు, ఆసుపత్రికి, కోర్టు వాయిదాకు బాధితుడు ఒంటరిగా పోరాదు. వాయిదా దినమున కూలి పోవును, బస్సు చార్జీ అగును. ఆ ఖర్చును సంఘము పెట్టెలోనుండి ఇయ్యవలెను. రెండవది, పేరు కాపాడవలెను. మానభంగమునకు గురియైన ఆమె పేరు బయలుపరచుటను చట్టము నిషేధించుచున్నది. ప్రార్థన కూటములో మనవి చేయునప్పుడు పేరు గాని, యింటి గుర్తు గాని చెప్పరాదు. దేవునికి ఆమె పేరు తెలియును. మూడవది, దినము జ్ఞాపకముంచుకొనవలెను. దుఃఖదినము ప్రతి సంవత్సరము వచ్చును. ఆ దినమున ఇద్దరు స్త్రీలు ఆ యింటికి పోయి, వంట చేసి, ఊరక కూర్చుండినను అది సేవయే. నాలుగవది, నేరము చేసినవాడు మనవాడైనను సత్యము విడువరాదు. వాని ఆత్మకొరకు ప్రార్థింతము గాని, వానిని దాచము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఎవరినైనను ఊరకుండుమని చెప్పితిమా? ఇప్పుడు వారి యొద్దకు పోయి ఏమి చెప్పవలెను?
2. మన పల్లెకు దగ్గరలోనున్న న్యాయసేవాధికార సంస్థ కార్యాలయము ఎక్కడ నున్నది? అక్కడికి వెంటబెట్టుకొని పోగలవారు మనలో ఎవరు?
3. మొదటి దినమున చూచివచ్చి, మరల వెళ్లని యిల్లు ఏది?

ప్రార్థన

కనికరముగల తండ్రీ, దారిప్రక్కను పడియున్నవారిని చూచి తప్పుకొని పోయిన మమ్మును క్షమించుము. గాయపడినవారి యొద్దకు పోవు పాదములను, వారి మాట వినుటకు ఓర్పును, మరల వెళ్లుటకు నమ్మకమైన మనస్సును మాకు దయచేయుము. తామారువలె ఏడ్చుచున్నవారికి నీ సంఘము ఆశ్రయముగా నుండునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.