నెట్ ఎక్కడ ఆగింది?

బాల్కొండలో ఒక ఇల్లు. ఇంట్లో తల్లి, కూతురు ఉంటారు. తండ్రి దుబాయిలో పని చేస్తాడు. తల్లి బీడీలు చుడుతుంది. సాయంత్రం తరగతికి పోయి చదవడం, రాయడం నేర్చుకున్నది. కూతురు ఇంటర్ పాసైంది.

ఆ రోజు కూతురికి పెద్ద పని ఉంది. డిగ్రీ సీటు కోసం కాలేజీల పేర్లు వరుసగా పెట్టాలి. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ సీట్లకు 'దోస్త్' అనే పద్ధతి వచ్చింది. దరఖాస్తు అంతా నెట్‌లోనే. మార్కులు చూస్తారు. మనం పెట్టిన వరుస చూస్తారు. దాన్ని బట్టి సీటు ఇస్తారు. నిజామాబాద్‌లోని గిరిరాజ్ కాలేజీ పేరు మొదట పెట్టాలని ఆమె ఆశ. ఆ రోజే ఆఖరు రోజు.

కంప్యూటర్ పెట్టింది. నెట్ రాలేదు.

"అమ్మా, నెట్ వస్తలేదు. ఇగ నా సీటు పోయినట్టే!"

"ఫోన్‌ల చెయ్యరాదా బిడ్డా?"

"ఫోన్‌ల అక్షరాలు చిన్నగున్నయి. కాలేజీల పేర్లు చానా ఉన్నయి. వరుస తప్పితే సీటు తప్పుతది."

కూతురు ఒక సూది తెచ్చింది. వైఫై డబ్బా వెనుక ఉన్న సన్న రంధ్రంలో గుచ్చబోయింది.

"ఆగు! ఏం జేస్తున్నవ్?"

"ఇది నొక్కితే అంతా మొదటికొస్తదట అమ్మా."

"మొదటికొస్తే, డబ్బా పెట్టినాయన చేసిందంతా పోదా? ముందు చూద్దాం. తర్వాత ముట్టుదాం."

తల్లి మాట నిజం. ఆ రంధ్రంలో నొక్కి పట్టుకుంటే డబ్బాలో పెట్టిన వివరాలు, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. మళ్లీ మనిషి వచ్చి పెట్టేదాకా నెట్ ఉండదు.

నీళ్ల లెక్కనే నెట్

పోచంపాడు మనకు దగ్గరే. ఆ ప్రాజెక్టుకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. అక్కడి నీళ్లు కాలువలోకి వస్తాయి. కాలువ నుంచి తూముకు, తూము నుంచి మడికి వస్తాయి. మడి ఎండితే రైతు ఏం చేస్తాడు? కాలువలో నీళ్లున్నాయా అని చూస్తాడు. తూము చూస్తాడు. తర్వాత మడి గట్టు చూస్తాడు.

నెట్ కూడా అంతే. బయటి తీగ కాలువ. వైఫై డబ్బా తూము. మన కంప్యూటర్ మడి. ఈ మూడింటిలో ఎక్కడో ఒక చోట నెట్ ఆగుతుంది. అది ఎక్కడో తెలిస్తే సగం పని అయినట్టే.

ఒక్క తేడా ఉంది. డబ్బా నుంచి కంప్యూటర్‌కు తీగ లేదు. రేడియో పాట గాలిలో వచ్చినట్టే నెట్ కూడా గాలిలో వస్తుంది. దాన్నే వైఫై అంటారు. ఈ పేరు 1999లో వచ్చింది.

మొదటి చూపు: డబ్బా దీపాలు

తల్లి డబ్బా ముందు కూర్చున్నది. దీపాలు లెక్కపెట్టింది.

"ఎర్ర దీపం లేదు బిడ్డా. అన్నీ పచ్చగనే ఉన్నయి."

ఒక్క దీపం కూడా వెలగకపోతే కరెంటు రావడం లేదు. ప్లగ్గు, స్విచ్చి చూడాలి. చాలా డబ్బాల మీద 'ఎల్.ఓ.ఎస్.' అని ఒక దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే బయటి తీగలో లోపం ఉన్నట్టు. అప్పుడు నెట్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయాలి. "ఎర్ర దీపం వెలుగుతోంది" అని చెప్పాలి. ఆ సన్న తీగ లోపల గాజు ఉంటుంది. దాన్ని మడత పెట్టవద్దు. ఊడిన కొసలోకి కన్ను పెట్టి చూడవద్దు.

రెండో చూపు: ఫోన్

"ఫోన్‌ల వైఫై వస్తుందా?" అని తల్లి అడిగింది.

కూతురు ఫోన్‌లో మొబైల్ డేటా బంద్ చేసింది. వైఫై మాత్రమే ఉంచింది. ఇలా చేయకపోతే ఫోన్ తన సొంత నెట్‌తో నడుస్తుంది. మనం మోసపోతాం.

ఫోన్‌లో నెట్ వచ్చింది.

"అంటే కాలువల నీళ్లున్నయి. తూము మంచిగున్నది. గండి మడిలనే ఉన్నది" అని తల్లి నవ్వింది.

ఫోన్‌లో కూడా రాకపోతే డబ్బా స్విచ్చి బంద్ చేయాలి. ఒక నిమిషం ఆగాలి. మళ్లీ వేయాలి. డబ్బా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టాలి.

మూడో చూపు: కంప్యూటర్

కంప్యూటర్ తెర మీద కింద కుడి మూలన విసనకర్ర లాంటి గుర్తు ఉంటుంది. అది వైఫై గుర్తు. ఆ రోజు అది కనబడలేదు.

"రోజూ ఉండేది. ఈ రోజు లేదు" అన్నది కూతురు.

తల్లి ఆలోచించింది. పొద్దున ఊడ్చేటప్పుడు కంప్యూటర్ డబ్బాను జరిపింది. వెనుకకు వంగి చూసింది. గోరంత నల్ల ముక్క ఒకటి సగం ఊడి ఉంది. వైఫైని పట్టుకునేది ఆ ముక్కే. కూతురు దాన్ని తీసి, ముందువైపు రంధ్రంలో గట్టిగా పెట్టింది. విసనకర్ర గుర్తు వచ్చింది.

రంధ్రం మారింది కాబట్టి కంప్యూటర్ మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. కూతురు కొట్టింది. తప్పు అన్నది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పు.

తల్లి తన నోటుబుక్కు తెచ్చింది. డబ్బా పెట్టిన రోజు కూతురు చెబుతుంటే ఆమె చూసి రాసుకున్నది.

"మొదటి అక్షరం పెద్దది బిడ్డా. నువ్వు చిన్నది కొట్టినవ్. కొసకున్నది సున్నా, అక్షరం కాదు."

ఈసారి నెట్ వచ్చింది. గడువు దాటకముందే కూతురు పేర్లు పెట్టింది. మొదటి పేరు గిరిరాజ్ కాలేజీ.

"అమ్మా, నీ రాతే నన్ను కాపాడింది" అన్నది కూతురు.

ఇవి కూడా తెలుసుకోండి

1. నెట్ మెల్లగా వస్తే డబ్బా ఉన్న చోటు చూడండి. ఇనుప బీరువా వెనుక, మూలన పెట్టవద్దు. ఇంటి నడుమ, ఎత్తులో పెట్టండి. గోడలు పెరిగిన కొద్దీ వైఫై తగ్గుతుంది.

2. ల్యాప్‌టాప్‌లో విమానం గుర్తు ఉన్న మీట పొరపాటున నొక్కితే వైఫై ఆగుతుంది. మళ్లీ నొక్కితే వస్తుంది.

3. కంప్యూటర్‌లో తేదీ, టైము తప్పుగా ఉంటే కొన్ని పేజీలు తెరుచుకోవు. సరిచేయండి.

4. అవసరం మించిపోతే ఫోన్‌ను చార్జింగ్ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ నెట్ వాడుకోవచ్చు.

5. నెట్ బాగు చేస్తామని ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పవద్దు. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

జవాబులు రాయండి

1. తల్లి సూదితో గుచ్చవద్దని ఎందుకు అన్నది?
2. ఫోన్‌లో మొబైల్ డేటా ఎందుకు బంద్ చేయాలి?
3. ఎర్ర దీపం వెలిగితే ఎవరికి చెప్పాలి?

మీరు చేయండి

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ వైఫై డబ్బా ఉంటే దాని దీపాలు లెక్కపెట్టండి. నెట్ బాగా వచ్చే రోజు ఏ దీపం ఏ రంగులో ఉందో రాసుకోండి. మీ ఇంటి పాస్‌వర్డ్ మీ చేతితో రాసి భద్రంగా పెట్టుకోండి.