ధనియాల పూతను కాపాడుకుందాం

అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి పక్షం వరకు నల్లరేగడిలో విత్తిన ధనియాలు ఇప్పుడు పూతకు వస్తున్నాయి. దిగుబడి తేలేది ఈ దశలోనే. కాబట్టి రోజూ ఉదయం ఒకసారి చేను చూసి రావాలి.

ధనియం, వాము, జీలకర్ర, క్యారెట్ ఒకే కుటుంబపు మొక్కలు. వీటి పూలు గొడుగులా గుత్తులుగా విచ్చుకుంటాయి. ధనియం పువ్వులో పుప్పొడి ముందు రాలుతుంది, కీలాగ్రం ఆ తర్వాతే సిద్ధమవుతుంది. అందుకే పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే తేనెటీగలుంటే గింజ బాగా కడుతుంది. అవి తిరిగే ఉదయం వేళ ఏ పురుగుమందూ కొట్టకండి.

పేనుబంక: మబ్బు పట్టిన రోజుల్లో ఎక్కువగా వస్తుంది. పూగుత్తిని వంచి కాడల మొదళ్లు చూడండి. పురుగులు గుంపులుగా కనిపించి, వేలికి జిగురు తగిలితే బంక పట్టినట్టే. అక్షింతల పురుగులు తిరుగుతుంటే తొందరపడవద్దు, అవే చాలావరకు తినేస్తాయి. ఉధృతి పెరుగుతుంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. అప్పటికీ తగ్గకపోతేనే ఉద్యాన అధికారి సలహాతో రసాయన మందు వాడండి. యూరియా అదనంగా వేస్తే మొక్క లేతబడి బంక ఇంకా పెరుగుతుంది.

బూడిద తెగులు: ఆకులపై తెల్లని పొడి మచ్చలు కనిపించగానే నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున పిచికారీ చేయాలి. ఆలస్యమైతే గింజ తాలుగా మారుతుంది. మండే ఎండలో గంధకం కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన వెంటనే గంధకం కొట్టవద్దు.

నీరు: వసతి ఉంటే గింజ కట్టేటప్పుడు ఒక పలుచని తడి ఇవ్వండి. నీరు నిలిస్తే ఎండు తెగులు వస్తుంది.

కోత: పచ్చి గింజను నలిపితే నల్లి వాసన వస్తుంది. గింజ ముదిరేకొద్దీ అది పోయి కమ్మని వాసన వస్తుంది. గుత్తుల్లో ఎక్కువ గింజలు పసుపు రంగుకు తిరగగానే, మంచు తడి ఆరకముందే కోయండి, రాలుడు తగ్గుతుంది. కట్టలను నీడలో ఆరబెడితే రంగు, వాసన నిలిచి మార్కెట్లో మంచి ధర పలుకుతుంది. గింజలో తేమ 10 శాతం లోపుకు దిగాకే బస్తాలకు ఎత్తండి.

వచ్చే ఏటికి విత్తనం దాచుకునేవారు, పక్క చేలో వేరే రకం లేదని నిర్ధారించుకుని, తెగులు సోకని మొక్కలను ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.