పేరు లేని చిత్రకారులు

మాది పాత నల్లగొండ జిల్లాలో, పుట్టపాకకు దగ్గరి నేతపల్లె. చిటికి కట్టే ఇంట్లో పుట్టాను. ఒకనాడు యూరప్ చిత్రకళ మీద చర్చ జరుగుతుంటే, "మా నేతలోనూ చిత్రకళ వుంది" అన్నాను. "అది చేతిపనోయ్, కళ వేరు" అన్నాడొక మిత్రుడు. అందరూ నవ్వారు. ఆ పూట నాకు జవాబు తోచలేదు. లైబ్రరీలో కూచుని చదివాక తోచిన జవాబే ఈ చిన్న వ్యాసం.

కళాకారుడు వేరు, పనివాడు వేరు అన్న గీత ఎప్పుడు గీశారు? 14వ శతాబ్దపు ఫ్లారెన్స్‌లో చిత్రకారులు వైద్యుల, మందుల దుకాణదారుల వృత్తిసంఘంలో సభ్యులు. రంగులు దొరికేది ఆ దుకాణాల్లోనే మరి! పునరుజ్జీవన కాలంలో ఈ స్థితి మారింది. 1550లో వసారి చిత్రకారుల, శిల్పుల జీవితచరిత్రలు అచ్చువేయించాడు. పనికి తోడు పేరు వచ్చింది. 1648లో పారిస్‌లో రాజాస్థానపు అకాడమీ వెలిసింది. ఏది గొప్ప చిత్రమో, ఏది కాదో తేల్చే పెత్తనం క్రమంగా అలాంటి సంస్థల చేతికి పోయింది.

ఆ పెత్తనాన్ని కాదని 1874లో మోనే, రెన్వా మొదలైనవాళ్ళు పారిస్‌లో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. ఇంప్రెషనిజం అన్న పేరు అక్కడే పుట్టింది. ఈ రెన్వా చిన్నతనంలో పింగాణీ గిన్నెల మీద పూలు వేసి బతికినవాడే! వీళ్ళు ఆరుబయట ఎండలో కూచుని బొమ్మలు వేయడానికి, 1841లో వచ్చిన తగరపు రంగు ట్యూబు ఎంతో సాయపడింది. చేతిపని లేనిదే కళ ఎక్కడిది?

చివరికి యూరపే ఆ గీత చెరపబోయింది. 1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ పాఠశాల తెరిచి, చిత్రకారుణ్ణీ పనివాణ్ణీ ఒక్కచోట కూచోబెట్టారు. అక్కడ నేత నేర్చిన ఆనీ ఆల్బర్స్ బట్టలను 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రత్యేకంగా ప్రదర్శించింది.

ఇక మా ఇంటి సంగతి. తేలియా రుమాలులో పడుగునూ పేకనూ రెంటినీ నేయకముందే కట్లు కట్టి రంగులద్దుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. మగ్గం మీద పడుగు చుక్కా, పేక చుక్కా కలిస్తేనే పువ్వు విచ్చుకుంటుంది, లేకుంటే చెదిరిపోతుంది. తైలవర్ణ చిత్రకారుడు తప్పు దిద్దుకోవచ్చు. నేతగాడు మాత్రం ఇంకా పుట్టని బొమ్మను ముందే మనసులో పూర్తిగా చూడాలి. సృజన అంటే ఇదే కదా!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆర్డరిచ్చిన డిజైనునే వందసార్లు నేస్తే అది శ్రమే గాని సృజన కాదు. పికాసోను చూసి పికాసోలా వేసినా అంతే.

సృజన బొమ్మల్లోనే వుండదు. పేక నూలును ఆసు పోయడానికి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక, ఆలేరు దగ్గరి శారాజీపేట వాసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, 'లక్ష్మీ ఆసు' అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ విధంగా ఒక నేత తల్లి పేరు నిలిచింది. తక్కిన వాళ్ళ పేర్లేవీ?

మొన్న సెలవుల్లో మా నాయినను అడిగాను: "నువ్వు కట్టిన డిజైను మీద నీ పేరు రాసుకోరాదె నాయినా?"

"పేరెందుకు బిడ్డా, పువ్వు చెదరకపోతె సాలు" అన్నాడు.

ఆ మాటలోని గొప్పతనం నాకు తెలుసు, అయినా ఒప్పుకోను. మా వాడలో ఏ డిజైను ఎవరి ఆలోచనో ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు పేర్లయినయి. మొదటిది మా నాయినమ్మది.

మిత్రులారా, సెలవులకు మీ ఊళ్ళకు పోయినప్పుడు మీరూ అడగండి. వసారి చేసిన పని మనమూ చేయవచ్చు.