ఇల్లే ఆఫీసైన వేళ - రెండు అమానతులు

మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంఘటనతో ఈ పాఠం మొదలుపెడతాము. ఒక సాయంత్రం మా ఏడేళ్ళ అబ్బాయి పక్కన కూర్చుని ‘ఫీల్’ సూరా అప్పజెబుతున్నాడు. మా కళ్ళు లాప్‌టాప్ తెర మీద ఉన్నా, చెవులు మాత్రం వాడి వైపే ఉన్నాయనుకున్నాము. వాడు ముగించగానే “షాబాష్, మాషా అల్లాహ్!” అన్నాము. వాడు లేవలేదు. “అబ్బాజాన్, పక్షులు రాళ్ళు వేయకుండానే ఏనుగుల సైన్యం ఎలా నాశనమైంది?” అని అడిగాడు. అయిదు ఆయతుల సూరాలో నాలుగో ఆయతును వదిలేశాడు. మేము వింటున్నామో లేదో చూడటానికే వదిలేశాడు. చెవులు కూడా వాడి వైపు లేవని మాకప్పుడు తెలిసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని మాధాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల ఉద్యోగులు ఇళ్ళ నుంచే పని మొదలుపెట్టారు. ఎంతోమంది తమ సొంత ఊళ్ళకు చేరుకున్నారు. తర్వాత ఆఫీసులు తెరుచుకున్నాయి గాని, కొందరికి అన్ని రోజులూ, మరికొందరికి వారంలో కొన్ని రోజులూ ఇంటి పనే కొనసాగింది. ఇందులో మేలు లేకపోలేదు. బస్సుల్లో, ట్రాఫిక్‌లో పోయే సమయం మిగిలింది. వీధి చివరి మసీదులో జమాఅత్‌తో నమాజు చేసుకునే వీలు కలిగింది. కాని శరీరం ఇంట్లో ఉన్నంత మాత్రాన మనం ఇంట్లో ఉన్నట్టేనా?

ఒకే హదీసులో ఇద్దరూ

మనలో ప్రతి ఒక్కరూ కాపరి అనీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. సాధారణంగా ఇందులో తండ్రి, తల్లి ప్రస్తావన వరకే మనం గుర్తుంచుకుంటాము. అయితే యజమాని సొత్తుకు సేవకుడు కూడా కాపరే అని అదే హదీసులో ఉంది. అంటే ఇంటి నుంచి పనిచేసే వ్యక్తి ఒకే గదిలో, ఒకే కుర్చీలో కూర్చుని రెండు అమానతులకు బాధ్యుడు. రేపు అల్లాహ్ సన్నిధిలో రెండింటి లెక్కా అప్పజెప్పాలి.

‘ముతఫ్ఫిఫీన్’ సూరా, తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారి వినాశనాన్ని తెలుపుతుంది. ఇది తూనికలు, కొలతల గురించిన హెచ్చరిక. కాని జీతానికి మనం అమ్ముతున్నది కూడా కొలిచి ఇవ్వవలసిన సరుకే, అది సమయం. జీతం పూర్తిగా తీసుకుంటూ, పని గంటల్లో సొంత పనులు చేసుకోవటం తగ్గించి కొలవటమే. మరి పిల్లల నుంచి విధేయతను, గౌరవాన్ని నిండుగా ఆశిస్తూ, వారికి మిగిలిపోయిన నిమిషాలను మాత్రమే విదల్చటం ఏమవుతుంది?

‘అయిదు నిమిషాల’ అబద్ధం

“అయిదు నిమిషాల్లో వస్తాను బేటా” అనే మాట రోజుకెన్నిసార్లు అంటున్నామో లెక్కపెట్టుకుందాము. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఆమిర్ (రజి) తన బాల్యపు సంఘటన ఒకటి చెప్పారు. దైవప్రవక్త (సఅసం) వారి ఇంట్లో కూర్చుని ఉండగా, ఆయన తల్లి ఏదో ఇస్తానంటూ ఆయన్ని పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని దైవప్రవక్త (సఅసం) ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాయబడి ఉండేదని ఆయన అన్నారు. అబూ దావూద్‌లోని హదీసు ఇది. బుజ్జగించడానికే అయినా పిల్లలతో అన్న మాట మాటే. పని గంటసేపు ఉంటే గంట అనే చెప్పాలి. నిజం విని పిల్లవాడు కాసేపు అలుగుతాడు. అబద్ధాలు విని విని మనల్ని పిలవటమే మానేస్తాడు.

తలుపుకూ వేళలున్నాయి

‘నూర్’ సూరా 58వ ఆయతులో అల్లాహ్ మూడు వేళలను పేర్కొన్నాడు: ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా నమాజు తర్వాత. ఆ వేళల్లో ఇంటి పిల్లలు కూడా అనుమతి తీసుకునే గదిలోకి రావాలి. ఇది ఏకాంత మర్యాదను కాపాడే ఆజ్ఞ, ఉద్యోగానికి సంబంధించింది కాదు. అయినా ఇందులో మనకొక పాఠం ఉంది. ఇంట్లో తలుపు మూసే వేళలు, తెరిచే వేళలు ముందే నిర్ణయమై ఉండాలి. అవి పసివాళ్ళకు కూడా తెలిసి ఉండాలి. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలిసిన పిల్లవాడు దాన్ని ఊరకే తట్టడు.

మన ఇళ్ళలో పెద్ద చిక్కు రాత్రి వేళలది. అక్కడి వేసవి నెలల్లో న్యూయార్క్‌లో ఉదయం 11 గంటలైతే మనకు రాత్రి 8.30. సరిగ్గా పిల్లలు నిద్రకు చేరే సమయం. ఆ మీటింగు తప్పించుకోలేనిదైతే, మగ్రిబ్ నుంచి ఇషా వరకు ఉన్న గంటకు పైగా సమయాన్ని పిల్లలకు రాసిచ్చేయాలి.

అమ్మ ఇంట్లోనే ఉందిగా!

ఇంటి నుంచి పనిచేసే తల్లి కష్టం మరింత ఎక్కువ. “ఇంట్లోనే ఉన్నావుగా” అంటూ వంట, చుట్టాల మర్యాదలు, పిల్లల చదువు అన్నీ ఆమె మీదే వేస్తాము. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం, సెలవు ముగిశాక పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మీద ఇంటి నుంచి పనిచేసే వీలును తల్లికి కల్పించింది. చట్టం వీలు ఇచ్చినా, చేయూత ఇవ్వవలసింది భర్తే. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళ కాగానే నమాజుకు వెళ్ళేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) జవాబిచ్చారు. బుఖారీ గ్రంథంలోని ఈ హదీసు తర్వాత, గిన్నెలు కడగటం నామోషీ అనే మాట మన నోట రాకూడదు.

ఆచరణ కోసం

1. పని మొదలయ్యే, ముగిసే వేళలను కాగితం మీద రాసి గోడకు అంటించండి. మాట తప్పితే పిల్లలే గుర్తుచేస్తారు.

2. అజాన్ వినగానే లాప్‌టాప్ మూసి, పిల్లల్ని వెంటబెట్టుకుని వుజూకు లేవండి. మీటింగు వల్ల వెంటనే కుదరకపోతే, నమాజు వేళ దాటకుండా చూసుకోండి.

3. సూరా అప్పజెప్పించుకునే పావుగంట ఫోను మరో గదిలో ఉంచండి.

4. ఒప్పుకున్న గంటలకు మించి పని రోజూ వచ్చిపడుతుంటే, పైఅధికారితో మర్యాదగా, స్పష్టంగా మాట్లాడండి. ఒప్పందాలను నెరవేర్చమన్న ‘మాయిదా’ సూరా మొదటి ఆయతు ఇరు పక్షాలకూ వర్తిస్తుంది.

ఆ మరునాడు మగ్రిబ్ తర్వాత మా అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘ఫీల్’ సూరా మళ్ళీ చెప్పించుకున్నాము. ఈసారి అయిదు ఆయతులూ చదివాడు. నాలుగో ఆయతు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, మా ముఖంలోకి చూశాడు.

అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా ఉంచుగాక! మనకు అప్పగించిన రెండు అమానతులను నిండుగా కొలిచి ఇచ్చే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.