ఇల్లంతా సిమెంటు, మరి నవరాత్రుల పూజ మాటేమిటి?

ఈ వారం వీడియోలో షోడశోపచార పూజ గురించి చెప్పుకున్నాం కదా, ఈ వ్యాసం దానికి కొనసాగింపు. పదహారు ఉపచారాల సంగతి సరే, అసలు దేవుణ్ని కూర్చోబెట్టడానికే ఇంట్లో చోటు లేకపోతే ఏం చేయాలి? ఇంటి పని జరుగుతున్న ప్రతి కుటుంబంలోనూ ఈ రోజుల్లో వచ్చే ప్రశ్న ఇది.

శరదృతువు అంటే ఆశ్వయుజం, కార్తీకం. వానలు తగ్గి గోడలు ఆరడం మొదలవుతుంది. తడి గోడ మీద పుట్టీ పెడితే నిలవదు కాబట్టి చాలామంది ఇంటి మరమ్మతులు ఇప్పుడే పెట్టుకుంటారు. బతుకమ్మ, దసరా, దీపావళి, కార్తీక దీపాలు అన్నీ కూడా ఈ రెండు నెలల్లోనే. దానికి తోడు దసరా సెలవులు. అంటే ఇంట్లో మేస్త్రీలు ఉన్న రోజుల్లోనే పిల్లలు కూడా పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లోనే ఉంటారు.

మా అక్క వాళ్లది కూకట్‌పల్లిలో పాత ఫ్లాట్. వంటగది, దాన్ని ఆనుకుని ఉన్న పూజ గది పగలగొట్టి మళ్లీ కట్టిస్తున్నారు. మా మేనకోడలికి ఆరేళ్లు, మేనల్లుడికి మూడేళ్లు. "ఈ ఏడు వదిలేద్దాం అమ్మా, పిల్లలతో, ఈ దుమ్ముతో నా వల్ల కాదు" అంది అక్క. అమ్మ ఒప్పుకోలేదు. "ఏటా తొమ్మిది రోజులు దీపం వెలిగిన ఇల్లే ఇది. ఒక్కసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో నీకు తెలీదు" అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఒకరిది పిల్లల గురించి భయం, ఇంకొకరిది ఆనవాయితీ తెగిపోతుందన్న భయం. దీనికి మన సంప్రదాయంలో ఏ దారి ఉందో చూద్దాం.

1. "అమ్మవారు ఎక్కడికెళ్లింది?"

పటాలన్నీ బట్టల్లో చుట్టి అట్టపెట్టెలో పెడుతుంటే మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. "ఊరెళ్లింది" అని ఏదో ఒకటి చెప్పేసి తప్పించుకోవచ్చు. కానీ పిల్లలకు అర్థమయ్యే నిజమైన జవాబు పూజావిధానంలోనే ఉంది.

పూజలో మొదట ధ్యానం, తర్వాత ఆవాహనం. అంటే రమ్మని పిలవడం. ఆ తర్వాత ఆసనం ఇస్తాం, కాళ్లు కడుక్కోవడానికి, చేతులు కడుక్కోవడానికి, తాగడానికి నీళ్లు ఇస్తాం. ఇంటికి వచ్చిన పెద్దవాళ్లకు చేసే మర్యాదలే ఇవన్నీ. చివర్లో ఉద్వాసన చెప్పి, మళ్లీ రమ్మని కోరి సాగనంపుతాం. పిల్లలు నెల క్రితమే వినాయక చవితికి ఇది కళ్లారా చూశారు. గణపయ్య వచ్చాడు, ఉండ్రాళ్లు తిన్నాడు, నిమజ్జనానికి వెళ్లాడు, వచ్చే ఏడు మళ్లీ వస్తాడు. పటాలు పెట్టెలో పెట్టే ముందు పిల్లల చేత నాలుగు అక్షతలు వేయించి, "మీ గది బాగు చేయిస్తున్నాం. అది అయ్యేదాకా హాల్లో ఉండండి తల్లీ" అని చెప్పించండి. అక్క అలాగే చేయించింది. మా వాడు ఇంకో మాట కూడా చేర్చాడు, "దుమ్ము వస్తే కళ్లు మూసుకో" అని.

నవ్వొచ్చినా, ఆవాహనం అసలు అర్థం ఆ మూడేళ్ల పిల్లాడికి బాగానే ఎక్కింది. అమ్మవారు ఆ గదిలో బందీగా లేదు. పిలిస్తే వస్తుంది. పిలిచిన చోటికి వస్తుంది.

2. పదహారు కుదరకపోతే అయిదు, అయిదూ కుదరకపోతే మనసు

మేము సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు ఫాల్‌బ్యాక్ అని ఒకటి పెట్టుకుంటాం. పెద్ద సిస్టమ్ పనిచేయనప్పుడు చిన్న దారిలోనైనా పని జరగాలి, పూర్తిగా ఆగిపోకూడదు. పూజకు ఈ ఏర్పాటు మన పెద్దలు ఎప్పుడో చేసి పెట్టారు.

షోడశోపచారం కుదరకపోతే పంచోపచారం: గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం. ఈ అయిదింటికీ ఒక చిన్న పీట చాలు. అది కూడా కష్టమైతే ఆకు, పువ్వు, పండు, నీళ్లు, వీటిలో ఏది భక్తితో ఇచ్చినా తీసుకుంటానని గీత తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకంలో కృష్ణుడే చెప్పాడు. ఏదీ లేకపోతే మానస పూజ.

మానస పూజ అంటే చేతకానివాళ్లు చెప్పుకునే సాకు అనుకునేవాళ్లు పూసలార్ నాయనార్ కథ తెలుసుకోవాలి. 63 మంది నాయనార్లలో ఆయన ఒకరు. తమిళంలో సేక్కిళార్ రాసిన పెరియ పురాణంలో ఆయన చరిత్ర ఉంది. ఆయనది ఇప్పటి చెన్నై దగ్గరున్న తిరునిన్రవూరు. శివుడికి గుడి కట్టాలని ఎంత తిరిగినా డబ్బు పుట్టలేదు. దాంతో మనసులోనే కట్టడం మొదలుపెట్టాడు. పునాది, గోడలు, విమానం, బావి, కోనేరు అన్నీ ఒక్కొక్కటిగా, వరస తప్పకుండా కట్టాడు. కుంభాభిషేకానికి ముహూర్తం కూడా పెట్టుకున్నాడు. సరిగ్గా అదే రోజుకి కంచిలో పల్లవ రాజు తాను రాతితో కట్టించిన గుడికి ముహూర్తం పెట్టించాడు. శివుడు రాజు కలలో కనిపించి, "రేపు నేను పూసలార్ గుడికి వెళ్లాలి, నీ ముహూర్తం మార్చుకో" అన్నాడట. రాజు వెతుక్కుంటూ వస్తే ఆ ఊళ్లో అలాంటి గుడే లేదు. పూసలార్‌ని అడిగితే అది తన మనసులో ఉందని చెప్పాడు. ఈ కథను గుర్తుచేసే హృదయాలీశ్వరర్ ఆలయం ఇప్పటికీ తిరునిన్రవూరులో ఉంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆయన కళ్లు మూసుకుని ఒక్క నిమిషంలో గుడి ఊహించేసుకోలేదు. నిజంగా కట్టేవాడు ఎలా కడతాడో అలా, ఒక్కో పనీ క్రమంగా చేశాడు. మానస పూజలో చేయాల్సింది కూడా అదే. రాత్రి పడుకునే ముందు లైటు తీసేసి పిల్లల్ని అడగండి. "అమ్మవారికి ఇప్పుడు ఏ రంగు చీర కడదాం? ఏ పూలు పెడదాం? నైవేద్యం ఏంటి?" అయిదు నిమిషాల్లో పూజ అయిపోతుంది. మా మేనకోడలు రోజూ నైవేద్యానికి పానీపూరీ పెట్టింది. మేం అడ్డు చెప్పలేదు.

ఒక మాట. ఇంటి పని దుమ్ముకీ అశౌచానికీ సంబంధం లేదు. దుమ్ము తుడిస్తే పోతుంది. కాకపోతే కలశం, అఖండ దీపం పెట్టే ఆనవాయితీ ఉన్నవాళ్లు ఈ ఏడాదికి ఏం చేయాలో ఇంటి పెద్దల్నీ, మీ పురోహితుల్నీ అడిగి చేయండి. అవి తొమ్మిది రోజులూ నియమంగా చూసుకోవాల్సినవి. మధ్యలో వదిలేయడం కన్నా మొదట్లోనే మోయగలిగినంత నియమం పెట్టుకోవడం మేలు.

3. దీపం పెట్టే ముందు ఇవి చూడండి

ఈ భాగం మాత్రం దయచేసి దాటేయకండి.

థిన్నర్, టర్పెంటైన్, వుడ్ పాలిష్, ఆయిల్ పెయింట్ వాడుతున్న గదిలో గానీ పక్కన గానీ దీపం, అగరుబత్తి వెలిగించకూడదు. వాటి ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. పనివాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ గదిలో వాసన ఉన్నంతసేపు ఇదే నియమం. అఖండ దీపం మీద ఆశ ఉన్నా, రాత్రంతా ఎవరూ చూడని మంట ఇలాంటి ఇంట్లో వద్దు. కిటికీలు తెరిచి ఉన్న వేరే గదిలో, పిల్లలకు అందని ఎత్తులో, పూజ జరిగినంతసేపే దీపం పెట్టి, మీరు అక్కడే కూర్చోండి.

టైల్స్, గ్రానైట్ కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లు పోస్తూ కోయమని అడగండి, ఆ సమయానికి పిల్లల్ని కిందికి తీసుకెళ్లండి. పాత ఫ్లాట్ అయితే ఇంకొకటి. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పెయింట్‌లో సీసం ఎక్కువ ఉండే అవకాశం ఉంది, చిన్నపిల్లలకు సీసం చాలా హాని. అందుకని పాత రంగును పొడిగా గీకించకండి. తడిపి తీయించండి, తడిగుడ్డతో తుడిపించండి, అయ్యేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని అమ్మవారిని కొలుస్తున్నప్పుడు ఈ జాగ్రత్త కూడా పూజలో భాగమే.

4. తాపీకి బొట్టు

మహర్నవమి నాడు, కొన్ని ఇళ్లలో దశమి నాడు, ఆయుధ పూజ చేస్తాం. సిటీలో అది ఎక్కువగా కార్లకీ బైకులకీ మిగిలిపోయింది. నేనూ ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టేవాడినే. ఇంటి పని జరుగుతున్న ఇంట్లో మాత్రం అసలైన పనిముట్లు కళ్ల ముందే ఉంటాయి: తాపీ, రసమట్టం, గమేళా, పార, దారానికి కట్టిన తూకం గుండు.

అక్క వాళ్ల ఇంట్లో ఆ రోజు మేస్త్రి తన సామానంతా కడిగి ఒక చెక్క మీద పేర్చాడు. పిల్లలిద్దరూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు పెట్టారు. "మామా, ఈ రోజు తాపీ పుట్టినరోజా?" అని అడిగింది మేనకోడలు. మేస్త్రి నవ్వి, "అవునమ్మా, ఇయ్యాల దానికి సెలవు" అన్నాడు. మన వంటగది గోడ ఎవరి చేతుల్లోంచి వస్తోందో ఆ రోజు దాకా పిల్లలు పట్టించుకోలేదు. ఆ రోజు ఆ చేతులకు నమస్కారం పెట్టారు.

రెండు విషయాలు మర్చిపోవద్దు. పనివాళ్లలో వేరే మతం వాళ్లు ఉండొచ్చు, పూజలో కూర్చోమని ఇబ్బంది పెట్టకండి. అందరితో కలిసి భోజనం పెట్టడానికి ఏ అడ్డూ లేదు. రెండోది, పండగ ముందు రోజుకల్లా ఆ వారం కూలి డబ్బులు పూర్తిగా ఇచ్చేయండి. దసరా మామూలు దానికి అదనం. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు, వాళ్లకూ కొత్త బట్టలు కావాలి. ఇవ్వాల్సిన కూలి బాకీ పెట్టుకుని తాపీకి బొట్టు పెడితే ఆ పూజకు అర్థం ఏముంది?

5. గోడకు నీళ్లు, ఇంటికి దీపం

కొత్త ప్లాస్టరింగ్‌ని మామూలుగా కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉండాలి. సిమెంటు ఆరిపోయి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీళ్లతో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. తడి త్వరగా పోతే ఆ చర్య మధ్యలో ఆగిపోతుంది, పగుళ్లు వస్తాయి. మొదటి రోజు ట్యాంకరు నీళ్లు కుమ్మరించి మిగతా రోజులు వదిలేస్తే లాభం లేదు. రోజూ కొంచెం కొంచెం పోయాలి.

నవరాత్రుల పూజ కూడా అంతే. మొదటి రోజు పెద్ద అలంకారం చేసి, ఫోటోలు దిగి, మూడో రోజుకి అలసిపోయి మానేసే కన్నా, తొమ్మిది సాయంత్రాలూ పది నిమిషాలు కూర్చుంటే పిల్లలకు ఎక్కువ అందుతుంది. అక్కకీ అమ్మకీ మధ్య చివరికి కుదిరిన ఒప్పందం కూడా ఇదే. హాల్లో పీట, పంచోపచారం, బెల్లం ముక్క నైవేద్యం, రోజూ ఏడింటికి. పిండివంటలు లేవు. పని అయ్యాక పిల్లలు పెద్దవాళ్ల పక్కన నిలబడి చిన్న మగ్గుతో గోడకు నీళ్లు కొట్టేవాళ్లు, తర్వాత చేతులు కడుక్కుని పీట ముందు కూర్చునేవాళ్లు. అమ్మ కొంత రాజీ పడింది, అక్క కొంత ఓపిక తెచ్చుకుంది. తొమ్మిది రోజులూ దీపం వెలిగింది.

6. దీపావళికి కూడా పని పూర్తి కాకపోతే?

కాకపోవచ్చు. ఇంటి పనికి చెప్పిన తేదీ ఒకటి, అయ్యే తేదీ ఒకటి. ఛఠ్ పూజ కార్తీక శుద్ధ షష్ఠికి వస్తుంది కాబట్టి, బిహార్ నుంచి వచ్చిన పనివాళ్లు చాలామంది దీపావళి ముందే ఊళ్లకు వెళ్తారు. కంగారు పడకండి. అమావాస్య మర్నాటి నుంచే కార్తీకం, నెలంతా దీపాల నెలే. గడప దగ్గర, బాల్కనీలో తులసి దగ్గర సాయంత్రం ఒక్క దీపం చాలు.

కార్తీక పౌర్ణమికి మన తెలుగు ఇళ్లలో 365 వత్తులు వెలిగిస్తారు. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ కలిపి అని పెద్దలు చెబుతారు. ఆలోచించండి, మనకు కుదరని రోజులు ఉంటాయని వాళ్లకు ముందే తెలుసు. ఆ రోజుల్ని తిట్టలేదు, కలుపుకోవడానికి ఒక పౌర్ణమి ఇచ్చారు.

ఈ వారం సాధన

- మీ ఇంటికి సరిపడే పూజ ఏదో ఈ రోజే తేల్చుకోండి: పదహారా, అయిదా, మానసమా? మొదలుపెట్టాక తొమ్మిది రోజులూ అదే చేయండి.
- పటాలు కదిపే ముందు పిల్లల చేత అమ్మవారికి ఒక మాట చెప్పించండి.
- ఒక రాత్రి లైటు తీసేసి, పిల్లలు చెప్పినట్టే మానస పూజ చేయండి. వాళ్ల నైవేద్యాన్ని దిద్దకండి.
- ఇంట్లో పనిచేస్తున్న వాళ్ల పేర్లు పిల్లలకు నేర్పండి. అన్నా, అక్కా అని పిలవమనండి.
- పండగ ముందు రోజు ఎవరికైనా కూలి బాకీ ఉందేమో చూసుకోండి.

వచ్చే వారం వీడియోలో జమ్మి చెట్టు గురించి, పాండవులు తమ ఆయుధాల్ని దాని మీద ఎలా దాచారో చెప్పుకుందాం. బొమ్మలన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయని అలిగిన పిల్లలకు ఆ కథ బాగా పనికొస్తుంది.

శుభమస్తు.